పాత లాంచీని తూకానికి అమ్మకండి: చిత్రకొండ రేవు నుంచి ఒక బహిరంగ లేఖ

లాంచీ ఫైలు ఇప్పుడు ఏ బల్ల మీద ఉందో ఆ బల్ల వెనక కూర్చునే సారుకి,

నమస్కారం. మీ పేరు గానీ మీ శాఖ పేరు గానీ ఇందులో రాయడం లేదు. మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టాలని కాదు, ఇచ్చిన అర్జీకి జవాబు రావాలన్నదే నా బాధ. మూడుసార్లు ఇచ్చాను. మొదటిది తెలుగులో రాస్తే, ఇది ఒడిశా, ఇక్కడ తెలుగు చదివేవాళ్లు లేరని తిప్పి ఇచ్చారు, సరే, అది నా తప్పే. రెండోది మా పక్కింటి ఒడియా మాస్టారి చేత రాయించి తెచ్చాను, దానికి ముద్ర కొట్టి ఒక కాపీ నా చేతిలో పెట్టారు. మూడోదానికి ముద్ర కూడా పడలేదు, పైగా ఒక గుమస్తాగారు "పాత ఇనుము గురించి ఇంత గోలేంటి బాబూ" అని నవ్వి పంపేశారు. ఆయన మీద నాకు కోపం లేదు. చూసేవాళ్లకి అది పాత ఇనుమే. అందుకే ఆ ఇనుము ఏం పని చేసిందో, అది తూకానికి పోతే ఎవరికి ఏం పోతుందో, ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

బలిమెల రిజర్వాయరు ఒడ్డున, రేవుకి కాస్త పక్కగా, ఒక లాంచీ ఎడమవైపుకి ఒరిగి పడి ఉంది. టాపు రేకులు సగం ఎగిరిపోయాయి. బెంచీల చెక్కలు పొయ్యిల్లోకి పోయాయి. ఇంజను గదిలో వాన నీళ్లు మోకాలి లోతున నిలిచి ఉన్నాయి. మొన్న ఎండాకాలంలో ఇద్దరు మనుషులు వచ్చి టేపు పట్టి కొలిచి, సుత్తితో రేకు మీద కొట్టి మందం చూసుకుని, ఫోన్లో కిలోల లెక్క మాట్లాడుకుంటూ వెళ్లారు. త్వరలో వేలం అని రేవు దగ్గర టీ కొట్టులో చెప్పుకుంటున్నారు. నిజమో కాదో చెప్పాల్సింది మీరే. మూడో అర్జీలో నేను అడిగింది అదొక్కటే.

ఈ లాంచీ ఎందుకు వచ్చిందో కొత్తగా వచ్చిన అధికారులకి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాను. సీలేరు మీద బలిమెల డ్యాం ఆంధ్రా, ఒడిశా ప్రభుత్వాలు కలిసి కట్టుకున్నది. 1962లో ఒప్పందం, నీళ్లు చెరి సగం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి మట్టి పనికి వచ్చినవాడు, చిత్రకొండలో ఇవాళ తెలుగు మాట్లాడే ఇళ్లలో చాలా వాటి కథ ఇదే. డ్యాం నిండింది, బలిమెలలో కరెంటు పుట్టింది, మొదట 360 మెగావాట్లు, తర్వాత ఇంకో రెండు యూనిట్లు పెట్టి 510. ఆ నీళ్ల అవతల మాత్రం 151 ఊళ్లు చిక్కుకుపోయాయి. మూడు వైపులా నీరు, నాలుగో వైపు ఆంధ్రా కొండలు, అడవి. వాటికి గవర్నమెంటు పెట్టిన పేరు కూడా అదే, కటాఫ్ ఏరియా. మిగతా దేశానికి కరెంటు పంపించిన నీళ్లు ఆ ఊళ్లకి మాత్రం దీపం ఇవ్వలేదు చాలా ఏళ్లు. ఇచ్చిందల్లా లాంచీ ఒక్కటే.

నాన్న మట్టి పని అయిపోయాక లాంచీలో ఖలాసీగా కుదిరాడు. తాడు విసరడం, డెక్కు కడగడం, నీళ్లు తోడడం. తర్వాత చుక్కాని పట్టాడు, ఊరంతా సరంగు గారనేవాళ్లు. కాగితాల మీద మాత్రం ఆయన ఉద్యోగం ఏళ్ల తరబడి రోజుకూలీయే, ఆ సంగతి తర్వాత చెప్తాను.

నా చిన్నప్పటి తెల్లవారుజాములన్నీ ఆ ఇంజను చప్పుడే. చలికాలంలో నీళ్ల మీద మంచు పట్టేస్తే చేతి ఎదుట చెయ్యి కనపడదు, అప్పుడు నాన్న ఇంజను బాగా తగ్గించి ముందు ఒక ఖలాసీని వెదురు గెడతో నిలబెట్టి, ఒడ్డున కుక్క ఎటు మొరుగుతుందో విని దారి పట్టేవాడు. వేసవిలో ఇంకో కష్టం. డ్యాంలో మునిగిన అడవి చెట్లు నీరు తగ్గేకొద్దీ మోళ్లై పైకి వస్తాయి, లేదా పైకి రాకుండా జానెడు లోతులో దాక్కుంటాయి, అవి మరీ ప్రమాదం. లాంచీకి అడుగున ఉండే పంకా ఒక మోడుకి తగిలిందంటే రెక్క వంగిపోతుంది, ఇక ఆ రోజుకి నడి నీళ్లలోనే. అలా ఒకసారి నేనూ ఉన్నాను. పది పన్నెండేళ్లుంటాయి నాకు. రాత్రంతా లాంచీలోనే, మేకలు, కిరోసిన్ డబ్బాలు, బియ్యం బస్తాలు, ఒక కొత్త పెళ్లికూతురు, జ్వరంతో ఒక ముసలాయన. ఆ ముసలాయనకి దిదాయి తప్ప ఇంకో భాష రాదు, నాన్నకి దిదాయి నాలుగు ముక్కలు వచ్చు, ఆ నాలుగు ముక్కలతోనే తెల్లారేదాకా ఆయనతో మాట్లాడుతూ కూర్చున్నాడు. ఏం మాట్లాడావు నాన్నా అంటే, "ఏముంది, నీళ్లు తాగు, పొద్దున్న అవుతుంది, ఈ రెండు మాటలే తిప్పి తిప్పి" అన్నాడు.

బడి మాస్టర్లు వెళ్లింది ఆ లాంచీలోనే. ఎలక్షన్ పెట్టెలు, పోలియో చుక్కల డబ్బా, రేషన్, శవాలు, అన్నీ అందులోనే. లాంచీ తప్పిపోతే మళ్లీ రేపే. డోలీలో నిండు గర్భిణిని మోసుకుంటూ రేవు దాకా వచ్చి, వెళ్లిపోతున్న లాంచీని చూస్తూ అరిచినవాళ్లని నేను చూశాను. నాన్న వెనక్కి తిప్పేవాడు. తిప్పినందుకు ఒకసారి డీజిల్ లెక్క తేలక జీతంలో కోత పడింది కూడా.

2008 జూన్ 29న ఇదే రిజర్వాయరులో గ్రేహౌండ్స్ వాళ్లు, అంటే మావోయిస్టుల కోసం గాలించే ఆంధ్రా పోలీసు దళం, వెళ్తున్న లాంచీ మీద మావోయిస్టుల దాడి జరిగింది, 38 మంది చనిపోయారు. ఆంధ్రాలో ఎన్నో ఇళ్లలో ఆ తేదీ ఇప్పటికీ గుర్తే. నాన్న అప్పటికి పని మానేశాడు, కానీ ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు నడుపుతున్నారు. ఆ తర్వాత చాన్నాళ్లు ప్రతి ట్రిప్పూ టెన్షనే, ఖాకీ చొక్కా ఎక్కితే జనం దిగిపోయేవాళ్లు, జనం ఎక్కకపోతే ఖాకీలు దిగిపోయేవాళ్లు. అయినా లాంచీ ఆగలేదు. ఆగితే బియ్యం ఆగుతుంది.

తర్వాత వంతెన వచ్చింది. 2018 జూలై 26న గురుప్రియ వంతెన తెరిచారు, 910 మీటర్లు, బీఎస్‌ఎఫ్ కాపలాలో కట్టాల్సి వచ్చింది. ఆ రోజు మేమూ పండగ చేసుకున్నాం. ఇది స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే పాత లాంచీ కావాలనేవాళ్లకి వంతెన ఇష్టం లేదని ఒక మాట తిరుగుతోంది, అది అబద్ధం. డోలీ మోసినవాడెవడూ వంతెన వద్దనడు. మరుసటి వారం నాన్నని బండి వెనక కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కాను. నడిమధ్యలో ఆపమన్నాడు. పిట్టగోడ పట్టుకుని కిందికి చూసి, "ఇక్కడ ఇంజను తగ్గించాలిరా, కింద మోళ్లున్నాయి" అన్నాడు. ఇంకేం అనలేదు.

వంతెన వస్తే పడవకి పని పోతుంది. ఇది ఒక్క మాకే జరిగింది కాదు. బంగ్లాదేశ్‌లో ఢాకా నుంచి బరిశాల్ మీదుగా ఖుల్నా వైపు పాత స్టీమర్లు నడిచేవి, జనం వాటిని రాకెట్ అని పిలిచేవాళ్లు. మహ్సూద్, ఆస్ట్రిచ్, లెప్చా, టెర్న్ అని వాటి పేర్లు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో కట్టినవి, ఆస్ట్రిచ్ అయితే 1929 నాటిది. ఇవి మా లాంచీలాంటివి కావు, రెండు పక్కలా తెడ్ల చక్రాలుండే స్టీమర్లు. ఇంజను ఆ చక్రాన్ని తిప్పితే దానికి బిగించిన తెడ్లు ఒకదాని తర్వాత ఒకటి మునిగి నీటిని వెనక్కి తోస్తాయి, బండి ముందుకు పోతుంది. అడుగున పంకా ఉంటే అది పూర్తిగా మునగడానికి లోతు కావాలి, తెడ్ల చక్రానికి అంత లోతు అక్కర్లేదు, అందుకే ఇసుక మేటలు వేసే నదుల్లో వందేళ్లకి పైగా వాటిదే రాజ్యం. (నాన్నకి ఈ బొమ్మ ఫోన్లో చూపిస్తే, మోడు తగిలితే తెడ్డు చెక్క ఒక్కటి విరుగుతుంది, మార్చుకోవచ్చు, పంకాలా కాదు, మనకి ఇదిచ్చుంటే బాగుండేది అన్నాడు. సరంగు బుద్ధి.) 1980ల్లో వాటిలో బొగ్గు ఇంజన్లు తీసి డీజిల్ పెట్టారు, చక్రాలు మాత్రం అలాగే ఉంచారు. అక్కడ కూడా నడిపేవాడిని సారెంగ్ అంటారు, మన సరంగే.

2022 జూన్ 25న పద్మ నది మీద పెద్ద వంతెన తెరిచారు. బస్సులో మూడు నాలుగు గంటల్లో వెళ్లేచోటికి రాత్రంతా స్టీమర్లో ఎవరు వెళ్తారు? ఆ ఏడాదే రాకెట్ సర్వీసు ఆగిపోయింది. అచ్చం మా కథ. కానీ తర్వాత ఏం చేశారో చూడండి. మహ్సూద్‌ని తుక్కు కొట్టుకి పంపకుండా మరమ్మతు చేసి 2025 నవంబరులో మళ్లీ నీళ్లలోకి దించారు, మామూలు ప్రయాణాలకి కాదు, చూడ్డానికి, ఎక్కి తిరగడానికి.

అంత దూరం ఎందుకు. మా చిన్నాన్న పిల్లలు ఖరగ్‌పూర్‌లో ఉంటారు, రైల్వే కుటుంబం. అక్కడ పెళ్లికి వెళ్లినప్పుడు కలకత్తా చూపించమంటే హుగ్లీ ఒడ్డుకి తీసుకెళ్లారు. అక్కడ కట్టేసి ఉంది పీఎస్ భోపాల్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో కట్టిన తెడ్ల చక్రాల స్టీమర్, కలకత్తా పోర్టు వాళ్లది. పని లేక ఏళ్ల తరబడి పడి ఉన్నదాన్ని పోర్టు వాళ్లు తుక్కుకి అమ్మకుండా లీజుకిచ్చి బాగుచేయించారు, 2022 నుంచి జనం ఎక్కుతున్నారు. లోపల భోజనం హోటలు కూడా పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ హోటలు వ్యవహారం నాకు అంతగా నచ్చలేదు, కానీ ఒక గవర్నమెంటు సంస్థ తన పాత పడవని తూకానికి వేయకుండా ఆపగలదని నాకు అక్కడే తెలిసింది. నేను మొదటి అర్జీ రాసింది ఆ ఊరు నుంచి తిరిగొచ్చిన వారంలోనే.

అప్పటినుంచి రాత్రిళ్లు ఫోన్లో ఇదే చదువుతున్నాను, మా ఆవిడకి విసుగొచ్చింది. నార్వేలో స్కిబ్లాడ్నర్ అని 1856 నాటి స్టీమర్ ఒక సరస్సులో ఇప్పటికీ ప్రతి వేసవిలో నడుస్తుంది. అది రెండుసార్లు మునిగింది, రెండుసార్లూ పైకి తీశారు. బ్రిటన్‌లో వేవర్లీ అనే స్టీమర్‌ని 1974లో దాన్ని కాపాడతామన్న సంఘానికి ఒక్క పౌనుకి ఇచ్చేశారు, అది ఇప్పటికీ సముద్రంలో తిరుగుతోంది. అన్నిటికంటే నాకు దగ్గరగా అనిపించింది ఆస్ట్రేలియాలో ముర్రే నది మీద ఉన్న అడిలైడ్. 1866లో ఎచూకా అనే ఊళ్లో కట్టారు. అది రాజులు తిరిగిన పడవ కాదు, దుంగల్ని మోసే పడవల్ని లాగిన కూలిబండి. పని అయిపోయాక ఆ ఊరివాళ్లు దాన్ని కొనుక్కుని 1963లో ఒక పార్కులో ఒడ్డున పెట్టారు. ఇరవయ్యేళ్లు గడిచాక, 1984లో మళ్లీ నదిలోకి దించారు. చెక్క అడుగుతో ఇప్పటికీ నడుస్తున్న తెడ్ల చక్రాల స్టీమర్లలో లోకంలోకల్లా పాతది ఇప్పుడు అదే. పార్కులో పెట్టిన రోజున అది మళ్లీ నడుస్తుందని వాళ్లు అనుకుని ఉండరు. తుక్కు చేయలేదు, అంతే. మిగతాది పిల్లల తరం చూసుకుంది.

మన నీళ్లకి కూడా ఈ కథతో చుట్టరికం ఉంది. సీలేరు మోటు దగ్గర శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో. అదే గోదావరి మీద కాటన్ దొర పై దాకా పడవలు నడపాలని కలగని, దుమ్ముగూడెం, ఎంచంపల్లి, దేవలమర్రి దగ్గర రాళ్ల అడ్డంకులు దాటించడానికి ఆనకట్టలు, కాలువలు, లాకులు మొదలుపెట్టించాడు. డబ్బు ఖర్చయిపోతోందని 1871లో ఆపేశారు. ధవళేశ్వరంలో ఆయన పేరున మ్యూజియం ఉంది, పని చేసిన యంత్రాలు పెట్టారు, సంతోషం. ఆ యంత్రాలు తిప్పిన కూలీవాడి పేరు ఒక్కటి కూడా నేను అక్కడ చదివినట్టు గుర్తులేదు. మా లాంచీ సంగతిలో అలా కాకూడదనే ఇదంతా.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను. వరసగా అంకెలు వేస్తున్నాను, జవాబు కూడా అంకెల వారీగా ఇస్తే చాలు.

1. వేలం ఉంటే ఆపండి, లేకపోతే లేదని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ముందుముందు ఏమైనా నిర్ణయం తీసుకునేటప్పుడు రేవు దగ్గర ఒక నోటీసు అంటించండి, ఒడియాలోనూ తెలుగులోనూ.

2. ఇది అన్నిటికంటే ముఖ్యం, లాంచీ కంటే కూడా. లాంచీ పుస్తకాలు ఎక్కడున్నాయి? ఏ రోజు ఎన్ని గంటలకి బయల్దేరింది, ఎవరు నడిపారు, ఎంత డీజిల్, ఏ రేవులో ఎన్ని బస్తాలు దించారు, ఇవన్నీ రాసే లావుపాటి పుస్తకాలుండేవి, నాన్న చేతిరాత నాకు గుర్తే, తెలుగు అంకెలూ ఒడియా అంకెలూ కలిపి రాసేవాడు. లాంచీతో పాటు ఆఫీసు గది సామాను కూడా తుక్కు కింద తీసేస్తారని వింటున్నాం. అలా చేస్తే ఏమవుతుందో చెప్తాను. ఇరవై ముప్పయ్యేళ్లు రోజుకూలీగా పనిచేసిన ఖలాసీలు మా ఊళ్లో ఇంకా బతికే ఉన్నారు. వాళ్ల చేతిలో అపాయింట్‌మెంట్ కాగితం లేదు. ఫలానా ఏడు ఫలానా లాంచీలో వీడు పనిచేశాడు అనడానికి ఆ పుస్తకాల్లో పేరు తప్ప ఇంకో రుజువు లేదు. ఒకాయన ముసలి పెన్షన్ కోసం వెళ్తే నువ్వు పనిచేసినట్టు ఏమిటి ఆధారం అన్నారట, ఆయన లంగరు తాడుకి కోసుకుపోయిన అరచేయి చూపించాడు. అది ఆధారం కింద తీసుకోరు కదా. అలాగే అవతలి ఊళ్లవాళ్లు అటవీ హక్కుల పట్టా అడిగితే 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమిలో ఉన్నట్టు చూపించాలి. ఏ రేవుకి ఏ ఏడు ఎంత రేషన్ వెళ్లిందో రాసి ఉన్న సర్కారు పుస్తకం ఆ ఒక్కటే పట్టా తెచ్చిపెట్టదు గానీ ఆ ఊరు అప్పటికే ఉందని సాక్ష్యం చెప్తుంది. చెదలు పట్టకముందే వాటిని పొడిచోట పెట్టి, ఫొటోలు తీయించండి. మనుషులు కావాలంటే మేము వస్తాం.

3. వంతెన వచ్చినా వంతెనకి దూరంగా ఉన్న ఊళ్లవాళ్లు ఇంకా నాటు పడవలు ఎక్కుతూనే ఉన్నారు. లైఫ్ జాకెట్ లేదు, ఎంతమంది ఎక్కాలో లెక్క లేదు. 1917 నాటి చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెస్సల్స్ చట్టం తెచ్చారు, పడవకి సర్వే, రిజిస్ట్రేషన్, నడిపేవాడికి సర్టిఫికెట్ అన్నీ అందులో ఉన్నాయి. ఇక్కడ దాని నీడ కూడా పడలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి జనం పోయిన సంగతి మాకు గుర్తుంది, అది షికారు బోటు, మాది సంత బోటు, నీళ్లకి ఆ తేడా తెలియదు. ముసలి సరంగులు ఇద్దరు ముగ్గురే మిగిలారు. మోళ్లు ఎక్కడున్నాయో, ఏ గాలికి ఏ ఒడ్డు పట్టాలో వాళ్ల బుర్రలోనే ఉంది, మ్యాపులో లేదు. వాళ్లని కూర్చోబెట్టి కుర్ర పడవవాళ్లకి నేర్పించండి, రోజు కూలి ఇవ్వండి చాలు.

4. లాంచీని ఎక్కడ, ఎలా పెట్టాలో. రిజర్వాయరు పూర్తిగా నిండినా నీరు రాని ఎత్తులో పెట్టాలి. ఒరిగిన పడవని అలాగే వదిలేస్తే దాని బరువుకి అదే వంగిపోతుంది, అడుగు పొడవునా చెక్క దిమ్మెలు వేసి నిటారుగా నిలబెట్టాలి. పైన ఒక రేకుల పందిరి, గోడలు అక్కర్లేదు, గాలి తగలాలి. ఇనుప పడవ బయటినుంచి కంటే లోపల నిలిచిన వాన నీటితో ఎక్కువ తుప్పు పడుతుంది, ముందు ఆ నీళ్లు తోడి, ట్యాంకులో మిగిలిన డీజిల్, ఆయిల్ తీసి, అడుగున నీరు పోయే దారి చేయాలి. తుప్పు గీకేటప్పుడు మిషన్లు పెట్టి రేకు పల్చన చేయొద్దు, చేత్తో గీకించి రెడ్ ఆక్సైడ్ వేయించండి. పైన తళతళలాడే రంగులు వద్దు. అది ఎలా ఉండేదో ఊరంతటికీ తెలుసు, అడగండి.

5. దాన్ని మళ్లీ నీళ్లలో నడపమని మేము అడగడం లేదు. టూరిజం పేరుతో ఎవరో కాంట్రాక్టరుకి ఇచ్చి, సర్వే లేకుండా జనాన్ని ఎక్కిస్తారనేది మా భయం. హోటలు కూడా వద్దు. పిల్లలు ఎక్కి చుక్కాని తిప్పి చూసేలా ఉంటే చాలు, పంకా దగ్గర మాత్రం కంచె వేయండి.

6. పక్కన ఒక బోర్డు. ఒడియా, తెలుగు, ఇంకా దిదాయి, కొండదొర లాంటి అవతలి ఊళ్ల మాటల్లో కూడా ఉండాలి, లిపి ఏదైనా పర్లేదు. నడిపినవాళ్ల పేర్లు, ఖలాసీలతో సహా. ప్రారంభించిన పెద్దల పేర్లు అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో. ఇది కొంచెం ఎక్కువ అడుగుతున్నానేమో, అయినా అడుగుతున్నాను.

డబ్బు సంగతి మీరు అడిగేలోపే చెప్తాను. తుక్కు అమ్మితే ఖజానాకి వచ్చేది ఒకసారి వచ్చేది. దిమ్మెలు, పందిరి, రంగు, బోర్డు, వీటికి పెద్ద ఖర్చు కాదు, కూలి పనిలో చాలావరకు మేము చేస్తాం. లాంచీలో ప్రయాణం చేసిన ఒక మాస్టారు ఇప్పుడు జయపురంలో రిటైరై ఉన్నారు, తన ఒక నెల పెన్షన్ ఇస్తానన్నారు. సంతలో అడిగితే ఒక దిదాయి ముసలావిడ పది రూపాయలు చేతిలో పెట్టింది. ఆ పది రూపాయలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఏ పద్దులో జమ చేయాలో మీరే చెప్పాలి.

నాన్నకి ఇప్పుడు చూపు సరిగ్గా లేదు. లాంచీ ఒరిగిపోయిందని ఆయనకి చెప్పలేదు మేము. రేవుకి తీసుకెళ్లమని అడుగుతాడు, ఎండ ఎక్కువగా ఉంది, వాన పడేలా ఉంది అని ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాం.

వచ్చే ఆదివారం మేము పన్నెండుమందిమి బకెట్లు తీసుకుని లాంచీ ఇంజను గదిలో నీళ్లు తోడడానికి వెళ్తున్నాం. ఒక్క బోల్టు కూడా విప్పం, ఒక్క రేకు కూడా తీయం. అది మీ ఆస్తి కాబట్టి మీ అనుమతి అడుగుతూ విడిగా ఒక అర్జీ ఇస్తున్నాను, ఇది నాలుగోది, ఒడియాలోనే రాయించాను. శనివారం సాయంత్రం లోపు దాని మీద ముద్ర కొట్టి ఇప్పించండి.

ఇట్లు,
లాంచీ సరంగు కొడుకు,
చిత్రకొండ